పెనాల పరీక్షకు గౌరవ పిట్ట

ప్రజల ప్రాణాలకు రక్షణ ముఖ్యం. ఆ రక్షణ మీద ఉపసంఘం వేయడం మరింత ముఖ్యం. అందుకే ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లోని వాటిల్‌క్రీక్ పురపాలక సంఘం అంటుకోని పెనాల తులనాత్మక భద్రతా ఉపసంఘాన్ని నియమించింది.

గురువారం ఉదయం ఉపసంఘం అధికారి ప్రూయిట్ మూడు పెనాలు పట్టుకుని వృద్ధుల క్లబ్బు వంటగదిలోకి వచ్చాడు. ఒకటి నల్లపూతది, ఒకటి సిరామిక్‌ది, ఒకటి రాతిపూతదని చెప్పుకునేది. (మూడు పెట్టెల మీదా 'పూర్తిగా సురక్షితం' అనే ఉంది. పోల్చడం అక్కడికే సగం అయిపోయింది.)

వారంవారం అక్కడ పైక్‌లెట్లనే చిన్న తీపి అట్లు పోసే మెర్ల్ పిండి కలుపుతోంది. కిటికీ దగ్గర పంజరంలో ఆవిడ పెంచుకునే చిన్న చిలకలాంటి బడ్జీ పిట్ట, బిస్కెట్ అనే పేరుగలది, కబుర్లాడుతోంది. ప్రూయిట్ చూపు దాని మీద ఆగింది.

"పొగ కొలిచే యంత్రానికి బడ్జెట్ లేదమ్మా. పెనం మాడితే వచ్చే ఆవిరి మనకంటే ముందు పిట్టలకే తెలుస్తుంది."

"ఎలా తెలుస్తుంది?"

"పడిపోతాయి."

"ముందు నువ్వు పడి చూపించు, బాబూ. మా ఆయన పోయాక ఇంట్లో నాతో మాట్లాడేది అదొక్కటే!"

ప్రూయిట్ నొచ్చుకోలేదు. (నొచ్చుకోవడానికి పై అధికారి సంతకం కావాలి.) బిస్కెట్‌ను గౌరవ వాయు పరిశీలకుడిగా నియమించి, ఖాళీ నల్లపెనం కింద మంట పెద్దది చేశాడు.

మెర్ల్ పంజరాన్ని బయటికి తీసుకెళ్లబోయింది. పంజరం కొక్కెం తుప్పుపట్టి ఊడి రావడం లేదు.

"జంతువుల మీద పరీక్షకు నైతిక సంఘం అనుమతి ఉందా?" అని అరిచింది. "పక్షుల పోటీలకు జడ్జిగా పనిచేశాను. నా దగ్గరా నీ నాటకాలు?"

ప్రూయిట్ మొహం పాలిపోయింది. మంట ఆర్పి పై అధికారులకు ఫోను చేశాడు. పిట్టకు హాని కలిగే పరీక్ష చేస్తే ఉద్యోగం ఊడుతుందన్నారు. పరిశీలకుణ్ని కృతజ్ఞతలతో విధుల నుంచి తప్పించారు. ఇద్దరూ కలిసి కొక్కెం విరగ్గొట్టి పంజరాన్ని వరండాలో పెట్టారు.

మెర్ల్ గెలిచింది. పిట్టను సముదాయించి తిరిగొచ్చేసరికి, ముందే వచ్చేసిన ప్రూయిట్ వెలిగించిన పొయ్యి మళ్లీ భగభగ మండుతోంది.

"ఇప్పుడెవరి మీదయ్యా?"

ప్రూయిట్ హాల్లోకి వేలు చూపించాడు. ముసలివాళ్లంతా ఫోర్కులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

"మరి వీళ్లకు అనుమతి?"

"అడిగానమ్మా. తినడానికొచ్చిన వాళ్లకు అక్కర్లేదన్నారు."

మెర్ల్ హాల్లోకి పరుగెత్తింది. "లేవండర్రా, అందరూ బయటికి నడవండి!"

ఎవరూ కదల్లేదు. "జామ్ కూడా బయటికే తెస్తున్నావా, మెర్ల్?" అన్నాడు మాజీ పోస్టుమాస్టరు కెల్విన్, దగ్గుతూ.

మూడు పెనాలూ సురక్షితమేనని ఉపసంఘం తేల్చింది. పరీక్షలో ఏ పిట్టకూ హాని జరగలేదు.