అసిరమ్మకు దక్కిన అధికారం

మా వార్డు నాయకులు గవర్రాజుగారు చేపల విక్రేతల సంక్షేమ మండలికి అధ్యక్షులైన రోజునే, తన అధికారాలన్నీ కిందివాళ్లకు డెలిగేట్ చేస్తున్నట్టు సభలో ప్రకటించారు. చేతికొచ్చిన అధికారాన్ని ఆ పూటే వదులుకున్న మనిషిని విశాఖపట్నం అంతకుముందు చూడలేదు.

ఇందులో నా పాత్ర కూడా కొంచెం ఉంది. ముందురోజు ఆయన మా ఇంటికి వచ్చారు.

"సెల్లెమ్మా, బి.ఏ. సదివినావు గదా. డెలిగేట్ అంటే ఏటి? రేపటి ఉపన్యాసంలో ఆఫీసోళ్లు రాసిచ్చినారు."

నిఘంటువు తీసి చెప్పాను. లాటిన్ నుంచి వచ్చిన మాట. మన తరఫున పని చేసే అధికారమిచ్చి ఒకరిని పంపడం. రోమనులు రాయబారుల్ని అలా పంపేవారట.

"అంటే పని ఆడిది, పదవి మనది. ఎంత తెలివైనోళ్లమ్మా!" అంటూ లేచారు.

"బాధ్యత మాత్రం పంపినవాడిదేనండి" అన్నాను. అప్పటికే ఆయన గుమ్మం దాటారు.

ఆ వారంలోనే మా వీధి మూల చేపలమ్మే అసిరమ్మ గంపను మండలి కాపలాదారు గంగరాజు పక్కకు లాగేశాడు. మూల ఖాళీగా ఉండాలని ఆర్డరట. ఏళ్ల తరబడి ఆమెకు అన్నం పెట్టిన చోటు అది. గంప నిండా కవళ్లు. ఎండెక్కితే ఆ చేపలు ఎవరూ కొనరు.

అర్థం చెప్పిన పాపానికి నేనూ ఆమె వెంట వెళ్లాను.

గవర్రాజుగారు రెండు చేతులూ చాపి చూపించారు. "నా దగ్గరేటుందే? అంతా సెక్రటరీకి పంపీసినాను."

ఆ నిరాడంబరతకు నమస్కరించి సెక్రటరీ భీమశంకరరావుగారి దగ్గరికి వెళ్లాం. "నేనెందుకు ఉంచుకుంటానండీ? నిన్ననే ఫీల్డాఫీసరుకి ఇచ్చేశాను."

ఫీల్డాఫీసరు ఎల్లారావుగారూ త్యాగంలో తీసిపోలేదు. "గంగరాజుకి ఇచ్చీసినాను. ఆడే ఇప్పుడు అంతా."

తిరిగి మూలకే వచ్చాం. అసిరమ్మ గంపను మళ్లీ పాత చోటికి జరుపుకుంది.

"అప్పా, కూకోబెట్టే పవరు నా దాకా దిగనేదు" అన్నాడు గంగరాజు. "దార్లో ఎవులుంచుకున్నారో. లేపే పవరొకటే వచ్చింది."

"అదైనా నాకియ్యిరా" అంది అసిరమ్మ, ఎగతాళిగా.

గంగరాజు ఒక్క క్షణం ఆలోచించి, చేతికర్ర ఆమెకిచ్చేశాడు. "తీసుకో. మూల ఖాళీ నేకపోతే సంజాయిషీ కూడా నీదే మరి." టీకి వెళ్లిపోయాడు, చాలా తేలిగ్గా నడుస్తూ.

అప్పుడే రొయ్యల తట్టతో చిట్టెమ్మ వచ్చింది. "అప్పా, ఓ పక్కన నానూ కూకుంటానే."

"లెగు! మూల ఖాళీగుండాల!" అసిరమ్మ కర్ర నేలకేసి కొట్టింది.

"మరి నీ గంపేటి?"

అసిరమ్మ తన గంపకేసి చూసింది. తర్వాత చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, గంప ఎత్తడానికి నన్ను సాయం పట్టమంది. పట్టాను.

విక్రేతలే స్వచ్ఛందంగా స్థలం ఖాళీ చేయడం దేశంలోనే మొదటిసారి అని గవర్రాజుగారు పత్రికలకు ప్రకటన ఇచ్చారు.

ఆ మూలలో ఇప్పుడు వారి బావమరిది కూల్‌డ్రింకుల షాపు వెలిసింది. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. రిబ్బను కత్తిరించే అధికారం అసిరమ్మకే డెలిగేట్ చేశారు.