బావమరిదికి ఎర్రజెండా

అక్క చేతి భోజనం తమ్ముడు తినాల్సిన పండగ, భాయీదూజ్ నాటి పొద్దున్న కనకం వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం తమ్ముడు రాంప్రసాద్ వస్తాడు, పీట మీద కూర్చుంటాడు, నుదుట బొట్టు పెట్టించుకుంటాడు, ఆమె చేతి వంట కడుపునిండా తిని వెళ్తాడు. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది కనకమే. ఆ పండగ పూట తమ్ముడు తన చేతి ముద్ద తినని ఏడాది ఆమెకు తెలీదు. ఈ ఏడాది మాత్రం కాస్త అనుమానంగానే ఉంది. బుధవారీ బజారులో టెంట్‌హౌస్ నడుపుకుంటూ హాయిగా ఉన్న మనిషికి విధానసభకు వెళ్ళాలని బుద్ధి పుట్టింది. ఇస్త్రీపెట్టె గుర్తు మీద స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డాడు. ఆ రోజు సాయంత్రం అయిదింటితో ప్రచారం ఆఖరు.

"వత్తాడే. తిండి కాడ మీ తమ్ముడు ఎప్పుడు ఆలీసం సేసినాడు?" అన్నాడు ఆమె భర్త చిన్నారావు, అరుగు మీద కుర్చీలో కూర్చుని పేపరు తిరగేస్తూ.

"ఊరేగింపు మనింటి ముందునుంచే పోతాదంట. ఆగి తినేసి పోతానన్నాడు. ఆడు తిన్నంతసేపూ నువ్వు నోరు మెదపకు," అంది కనకం. పీట మీద పరచడానికని ఎర్రగుడ్డ ఉతికి అరుగు ముందు తీగ మీద ఆరేసి, గుమ్మడికాయ దప్పళం సంగతి చూడ్డానికి లోపలికి పోయింది.

చిన్నారావు గురించి ఒక మాట చెప్పాలి. కట్నీ లైనులో ఉస్లాపూర్ దాటాక ఒక రైలు గేటుంది. అక్కడ గేట్‌మన్‌గా ఉద్యోగమంతా చేసి రిటైరయ్యాడు. రైలు వస్తుంటే బయట నిలబడి పచ్చజెండా చూపాలి, పోయే ప్రతి చక్రాన్నీ చూడాలి, ఎక్కడైనా పొగగానీ వేలాడే ముక్కగానీ కనిపిస్తే ఎర్రజెండా చూపి ఆపాలి. ఇదీ ఆయన పని. పని పోయినా అలవాటు పోలేదు. ఇంటి ముందునుంచి నాలుగు బళ్ళు వరసగా పోతే చాలు, భుజం మీది పచ్చ తువ్వాలు చేతిలోకి వచ్చేస్తుంది, మనిషి లేచి నిలబడతాడు. పెళ్ళి ఊరేగింపైనా, వినాయక నిమజ్జనమైనా, ఆఖరికి శవయాత్రైనా ఆయనకు ఒకటే.

అసలు చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఎన్నికల ఊరేగింపులు కూడా ఆ వీధినే పోతాయి. ఎదురింటి నాగభూషణం గారు బ్యాంకులో చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. ఆ నియోజకవర్గం చరిత్ర తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదని ఆయనకు గట్టి నమ్మకం. మధ్యప్రదేశ్‌లో కలిసున్న రోజులనుంచి ఛత్తీస్‌గఢ్ వచ్చాక ఇప్పటిదాకా ఎవరు నెగ్గారు, ఎవరు పార్టీ మారారు, ఎవరు ఓడి మొహం చాటేశారు, అంతా ఆయన నాలుక చివర ఉంటుంది. ఆ చరిత్రంతా కాచి వడబోసి ఆయన ఒక సిద్ధాంతం తేల్చారు.

"ఈ సీటులో చిన్నారావు గారి పచ్చజెండా చూడకుండా విధానసభలో అడుగుపెట్టినవాడు లేడండీ. ఒకాయన మన వీధిలో గుంతలున్నాయని పక్క వీధిగుండా పోయాడు. ఏమయ్యాడు? ఇప్పుడు బీమా పాలసీలు కట్టమని మనింటికే వస్తున్నాడు."

"ఓడిపోయినోలకి కూడా సూపించినాను గదండీ," అనేవాడు చిన్నారావు.

"ఓడినవాళ్ళు చరిత్రలోకి రారు," అని కొట్టిపారేసేవారు నాగభూషణం గారు.

ఈ ముక్క టీ కొట్లనుంచి పార్టీ ఆఫీసులదాకా పాకింది. అభ్యర్థులు ఆ ఇంటి ముందు బండి నెమ్మది చేయించి, తువ్వాలుకు దండం పెట్టుకుని మరీ పోయేవారు. చిన్నారావుకి వాళ్ళ ముఖాలు గుర్తుండేవి కావు. చూస్తే కదా. ఆయన చూపంతా చక్రాల మీదే.

సరే, మధ్యాహ్నానికి రాంప్రసాద్ ఊరేగింపు రానే వచ్చింది. ముందు డప్పులు, మోటారుసైకిళ్ళు, మధ్యలో పూలు కట్టిన జీపు మీద చేతులు జోడించి రాంప్రసాద్, వెనకాల మైకుల ఆటో. చిన్నారావు తువ్వాలు తీసుకుని లేచాడు. బావని చూసి బావమరిది ముఖం చాటంత అయింది. సరిగ్గా అప్పుడే చిన్నారావు కళ్ళు జీపు వెనక చక్రం మీద పడ్డాయి. పక్కకు కట్టిన బ్యానరు ఊడి, అందులో ఉన్న రాంప్రసాద్ నవ్వుముఖం సగం చక్రంలోకి పోయి ఇరుక్కుంది. సన్నగా పొగ లేస్తోంది.

ఇంకేముంది. తువ్వాలు అక్కడే పడేశాడు, తీగ మీది ఎర్రగుడ్డ లాగాడు, రోడ్డు మధ్యకు ఉరికి రెండు చేతులా చాచి పట్టుకున్నాడు. "పొగ, పొగ, బండాపండి" అని గొంతు చించుకున్నాడు గానీ, ఇస్త్రీపెట్టె పాట మోగుతుంటే ఆ అరుపు ఎవడికి వినిపిస్తుంది.

ఊరేగింపు ఆగిపోయింది. ప్రచారం పనులన్నీ చూసే మనీష్ మోటారుసైకిలు దిగి వెనక్కి పరిగెత్తి, చక్రంలోంచి బ్యానరు లాగి, కాలితో తొక్కి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ కట్టేశాడు. మొదట కట్టిందీ తనే కాబట్టి నోరెత్తలేదు. ముందుకు తిరిగి నిలబడ్డ రాంప్రసాద్‌కి ఇవేవీ కనిపించలేదు. సొంత బావ తనకి ఎర్రజెండా చూపడమే కనిపించింది. వీధి వీధంతా ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తోంది.

"నువ్వా బావా?" అన్నాడు. కళ్ళు తుడుచుకుని డ్రైవరుతో, "చలో భాయ్," అన్నాడు.

కనకం పసుపుకుంకుమల పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చేసరికి వీధిలో దుమ్ము మిగిలింది.

"ఆడేడి?"

"పోయినాడు."

"తినకుండా ఎందుకు పోయినాడు? ఆ గుడ్డ నీ సేతిలోకి ఎందుకొచ్చింది?"

చిన్నారావు జరిగిందంతా చెప్పాడు. కనకం విన్నది. "పొగొత్తే నోటితో సెప్పాల. పండగ పూట ఆడికి ఎర్రగుడ్డ సూపిత్తావేటి? ఆడు తినిందాకా ఈ ఇంట్లో ఎవులూ మెతుకు ముట్టరు," అని పొయ్యి ఆర్పి, గిన్నెల మీద మూతలు పెట్టి, వంటింటి గడప మీద కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే చిన్నారావుకి అంత భయం వేసేది కాదు.

ఫోను చేశాడు, బావమరిది ఎత్తలేదు. వెళ్ళి కాళ్ళయినా పట్టుకుందామని చెప్పులేసుకునేలోపు ప్రత్యర్థి దేవాంగన్‌జీ బలగంతో దిగాడు. వీడియో అప్పటికే ఊరంతా తిరిగేసింది. "వాహ్ చాచాజీ, వాహ్," అంటూ వద్దంటున్నా వినకుండా మెడలో బంతిపూల దండ వేసి, కౌగలించుకుని ఫొటో తీయించుకుని పోయాడు. చిన్నారావు పరుగున బుధవారీ బజారులోని రాంప్రసాద్ ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడివాళ్ళు ఆయన్ని కిందినుంచి పైదాకా చూసి తలుపు వేసేశారు. దేవాంగన్‌జీ దండ మెడలోనే ఉందని ఆయనకి సగం దారి వెనక్కి వచ్చాక తెలిసింది.

ఇంటికొచ్చేసరికి వీధిలో తిరునాళ్ళు. రాంప్రసాద్ తప్ప మిగతా అభ్యర్థులందరూ తోసుకుని వస్తున్నారు. పచ్చ చూపించుకుని పోయినవాడు నమ్మకం చాలక బండి తిప్పుకుని మళ్ళీ వచ్చాడు. ఇంకొకడు తనకి పచ్చ అక్కర్లేదని, వెనక వస్తున్నవాడికి ఎర్ర చూపితే చాలని చెవిలో చెప్పాడు. పోటీలో ఉండీ రానిది కాలు విరిగి మంచంలో ఉన్న పాండేజీ ఒక్కడే. ఆయన్ని ఎవరూ లెక్కలో వేసుకోలేదు. నాగభూషణం గారు మాత్రం అరుగు మీద కుర్చీ వేసుకుని, వచ్చినవాడికల్లా సీటు చరిత్ర మొదటినుంచీ చెబుతున్నారు. పాపం, ఇన్నాళ్ళకి ఆయనకు వినేవాళ్ళు దొరికారు.

"ఊరందరికీ పచ్చ సూపిత్తన్నానండీ, నా ఇంట్లో పొయ్యి ఎలగలేదు. దానికి ఆడంటే ప్రాణం. ఏటి సెయ్యమంటారు?" అని ఆయన పక్కన కూలబడ్డాడు చిన్నారావు.

చరిత్రకారుడు కుర్చీ ఆయన వైపు తిప్పుకున్నారు. "ఎర్ర చూపిన బండి మళ్ళీ పచ్చ చూపితేనే కదా కదలాలి? అదే కదా మీ రూలు? అయితే వెళ్ళి నలుగురి ముందూ పచ్చ చూపండి. పదండి, నేను తీసుకెళ్తాను."

రాంప్రసాద్ లింగియాడీహ్ పేట వైపు తిరుగుతున్నాడని తెలిసింది. నాగభూషణం గారి స్కూటరు మీద వాళ్ళిద్దరూ, వెనక ఆటోలో క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కనకం బయల్దేరారు. "ఆడు రాకపోతే నానే పోయి పెడతాను. పండగ నాది," అంది ఆటో ఎక్కుతూ.

లింగియాడీహ్ మలుపులో చిన్నారావు రోడ్డు పక్క గట్టెక్కి నిలబడ్డాడు. అయిదు కావస్తోంది. ఊరేగింపు ఈడ్చుకుంటూ వస్తోంది. రాంప్రసాద్ ముఖం పీక్కుపోయింది. దారిలో ఎందరో తినమన్నా వాడు పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఈ పూట అక్క చేతి ముద్ద పడకుండా ఇంకొకరింట్లో తినడానికి మనసు రాలేదు. చిన్నారావు తువ్వాలు దులిపి, నిటారుగా నిలబడి, పచ్చ చూపాడు. రాంప్రసాద్ చూశాడు. ముఖంలోకి ప్రాణం వచ్చింది.

ఆ వెంటనే మళ్ళీ పొగ. మనీష్ వేసిన ముడి అంతకంటే ఎంతసేపుంటుంది. ఈసారి నల్లటి పొగ, దాని అడుగున మంట.

చిన్నారావు దగ్గర ఎర్రగుడ్డ లేదు. అలాంటప్పుడు చేతిలో ఉన్నది ఏ రంగుదైనా సరే, గట్టిగా అటూ ఇటూ ఊపితే ఆగమనే అర్థం. రైళ్ళు నడిపేవాళ్ళందరికీ ఆ రూలు తెలుసు. చిన్నారావు పచ్చ తువ్వాలు చేతులు ఊడిపోయేట్టు ఊపాడు. షామియానాలు వేసుకునే రాంప్రసాద్‌కి ఆ రూలు ఎలా తెలుస్తుంది? బావ తన కోసం అంతలా పచ్చజెండా ఊపుతుంటే వాడి గుండె నిండిపోయింది.

"మా బావని చూడండి. ఇలాంటి బావ ఎవరికైనా ఉన్నాడా?" అన్నాడు మైకులో బొంగురు గొంతుతో. "తేజ్ చలా భాయ్, తేజ్."

జీపు వేగం అందుకుంది. చిన్నారావు ఇంకా గట్టిగా ఊపాడు. వేగం ఇంకా పెరిగింది. నాగభూషణం గారు కళ్ళు మూసుకున్నారు.

కనకం ఆటో దిగింది, కొంగు నడుముకి దోపింది, క్యారేజీతో సహా వెళ్ళి జీపుకి అడ్డంగా నిలబడింది. రాంప్రసాద్ అక్కని చూసి "అప్పా" అని అరిచి డ్రైవరు భుజం పట్టి గుంజాడు. జీపు కీచుమంటూ ఆమె ముందు ఆగింది. ఆమె తమ్ముడి వంక కూడా చూడలేదు. సరాసరి వెనక చక్రం దగ్గరికి పోయి, క్యారేజీ విప్పి, దప్పళం మొత్తం మంట మీద కుమ్మరించింది. తరవాత చారు. ఆ తరవాత మజ్జిగ. మంట చుయ్యిమని చచ్చింది. మలుపంతా ఇంగువ వాసన కమ్మేసింది.

రాంప్రసాద్ దిగి వచ్చి, దప్పళంలో తేలుతున్న తన నవ్వుముఖం చూశాడు. "మధ్యాహ్నం కూడా ఇదేనా?" అన్నాడు.

మనీష్ నేల చూపులు చూశాడు. "భయ్యా, చెప్దామనే అనుకున్నా. మౌకా నహీ మిలా, సందు దొరకలేదు," అన్నాడు.

"నువ్వైనా నోటితో సెప్పొచ్చు గద బావా."

"సెప్పినాను. నీ పాట నన్ను సెప్పనిచ్చిందేటి?"

అయిదయింది, మైకులు కట్టేశారు. కనకం తమ్ముణ్ణి కల్వర్టు మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టింది. క్యారేజీలో మిగిలింది ఉత్త అన్నం, కాసిని బూరెలు. అన్నంలో బూరె చిదిపి కలిపి ముద్ద చేసి నోట్లో పెట్టింది. అంత జనం మధ్య రాంప్రసాద్ సిగ్గు లేకుండా ఏడుస్తూ తిన్నాడు. "ఊరందరి ఓట్లకీ తిరిగీసి కడుపు మాడ్సుకున్నావు, ఎర్రి నాయనా," అని కనకం అప్పుడు ఏడ్చింది. చిన్నారావు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

ఫలితాలు వచ్చాయి. మంచం దిగకుండానే పాండేజీ నెగ్గాడు. నాగభూషణం గారు ఒక పూట తలుపేసుకుని కూర్చుని, చరిత్ర సవరించుకుని బయటికి వచ్చారు. ఈ సీటులో చిన్నారావు ఏ జెండా చూపనివాడే మొదటినుంచీ నెగ్గుతున్నాడని, జనమే గమనించలేదని ఇప్పుడు చెబుతున్నారు.

రాంప్రసాద్ చిత్తుగా ఓడాడు. తానెందుకు ఓడాడో అక్కకి వివరంగా చెప్పడానికి అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం భోజనాల వేళకే వస్తున్నాడు, మనీష్‌ని కూడా వెంటేసుకుని. మళ్ళీ ఎన్నికలు ఎప్పుడని ఇప్పుడు కనకమే అందరినీ అడుగుతోంది.