బీరమ్మకు ఎవరూ సాయం చేయరాదు

మొగుడంపల్లి మండలం ఇప్పలగడ్డ గ్రామాన్ని సుడిగాలి సందర్శించిన వార్తను శాస్త్ర ప్రపంచం ఎంతో హర్షంతో స్వీకరించింది. ఆ ఊరికి రోడ్డు కావాలని అర్జీలు పెట్టారు, రాలేదు. బస్సు కావాలని పెట్టారు, అదీ రాలేదు. సుడిగాలి మాత్రం ఎవరూ అర్జీ పెట్టకుండానే వచ్చింది. ఏనుగు తొండంలా దిగి, చెరకు తోటల మీదుగా నడిచి, తూర్పు వాడలో ఇళ్ళ కప్పులు ఊడబీకి, అందరూ చూస్తుండగా పడమటికి వెళ్ళిపోయింది. ప్రాణనష్టం లేదు. ఒక కోడి కర్ణాటకలో దిగిందని వదంతి పుట్టింది గాని అధికారికంగా ధ్రువపడలేదు.

బీరమ్మ ఇంట్లో అప్పటిదాకా ఒక గది, ఒక వసారా ఉండేవి. ఆ రోజు నుంచి ఒక గది, ఒక వసారా, ఒక ఆకాశం.

గది మూలన గుమ్మి ఉంది. వెదురుతో అల్లి, పేడతో అలికిన మనిషెత్తు బుట్ట అది. అందులో ఏడాది తిండికి సరిపడా తెల్లజొన్నలు. బీరమ్మా, ఆమె మొగుడు గుండయ్యా యాసంగంతా కూలికి పోయి తెచ్చుకున్న గింజలు. రోహిణి కార్తె సగం గడిచింది, మృగశిర ముంచుకొస్తోంది. తడిసిన జొన్న మొలకెత్తుతుంది. మొలకెత్తిన జొన్నకు రొట్టె సాగదు. కాబట్టి బీరమ్మకు ప్రపంచంలో ఒకటే సమస్య మిగిలింది: వానకంటే ముందు కప్పు.

గుండయ్య శాంతస్వభావుడు. తల పైకెత్తి చూసి, "గాలి మంచిగ ఆడుతుందే" అన్నాడు. దానికి బీరమ్మ ఇచ్చిన జవాబు ఇక్కడ అచ్చు వేయడం కుదరదు.

నిజానికి ఆ సమస్య మర్నాటికే తీరిపోవాల్సింది. ఇప్పలగడ్డలో ఒకరింట్లో పనిపడితే పది చేతులు వస్తాయి. ఇవాళ నా ఇంటికి నువ్వు, రేపు నీ ఇంటికి నేను. పక్కింటి వెంకట్ తెల్లారేసరికే మోకు భుజాన వేసుకుని వచ్చాడు. అతని భార్య భాగీరథి చాయ్ తెచ్చింది.

"ఫికర్ చేయకు వదినా. రేకులు యాడికి పోలే. సర్పంచ్ చెరుకుల పడ్డయ్. పొద్దు తిరిగేసరికి ఎక్కిస్త" అన్నాడు వెంకట్.

సరిగ్గా అప్పుడే ఊళ్ళోకి తెల్ల జీపులు వచ్చాయి.

"ఎవరూ ఏదీ ముట్టుకోకండి!" బాధితులను ఓదారుస్తూ జీపులోంచి దిగిన మొదటి మాట అది. దిగినవారు డాక్టర్ సదాశివ, గృహనష్ట కుటుంబ పునరుత్థాన అధ్యయన కేంద్రం సంచాలకులు. ఆయన వెంట పరిశోధక విద్యార్థిని స్నిగ్ధ, నాలుగు కెమెరాలు, ఎగిరే యంత్రం ఒకటి, బోలెడన్ని ఎర్ర జెండాలు. పొద్దు తిరిగేసరికి చెరకు తోటలో పడ్డ ప్రతి రేకుకూ ఒక జెండా మొలిచింది. ఏ రేకు ఎంత దూరం ఎగిరిందో తేలాలి. పైనుంచి ఉపగ్రహం కూడా ఒకసారి చూడాలి. అది చూసేదాకా రేకు కదలరాదని సర్పంచ్ కావలివాణ్ని కాపలా ఉంచారు. రేకు ఎక్కడ పడిందన్నది సైన్సుకు కావాలి, ఎక్కడ ఉండాలన్నది ఇంటివాళ్ళకు కావాలి. సైన్సు మోటారు బండిలో వచ్చింది గనక దానికే ముందు పీట వేశారు.

సాయంత్రం బడి ఆవరణలో సభ. డాక్టర్ సదాశివ మైకు సవరించుకున్నారు.

"సాయం చేస్తే కుటుంబాలు కోలుకుంటాయని మనమంతా నమ్ముతున్నాం. కానీ రుజువేది? మానవజాతి వేల ఏళ్ళుగా రుజువు లేకుండా ఒకరికొకరు సాయం చేసుకుంటూ వస్తోంది. ఈ అంధవిశ్వాసాన్ని పరీక్షించే మహదవకాశం ఇప్పలగడ్డకు దక్కింది. దెబ్బతిన్న ఇళ్ళన్నిటికీ మేము సాయం అందిస్తాం. ఒక్క ఇంటికి మాత్రం ఏ సాయమూ అందదు. దాన్ని కంట్రోల్ కుటుంబం అంటారు. సైన్సులో అది అత్యున్నత స్థానం!"

చప్పట్లు మోగాయి. అన్యాయం జరక్కూడదని స్టీలు బిందెలో చీటీలు వేశారు. సర్పంచ్ అమర్నాథ్ బావమరిది చీటీ మాత్రం, బిందె మూతి ఇరుకు కావడం వల్ల, పట్టలేదు. చీటీ తీశారు. బీరమ్మ పేరు వచ్చింది. మళ్ళీ చప్పట్లు.

బీరమ్మ సంబరంగా ముందుకొచ్చింది. "రేకులు ఎప్పుడిస్తరు సారూ?"

"మీకేమీ ఇవ్వమమ్మా" అన్నారు సదాశివ ఆప్యాయంగా. "మీరు మాకు చాలా ముఖ్యం."

ఆపైన ఆయన ఊరివైపు తిరిగి నియమాలు చదివారు. ఈ ఇంటికి ఎవరూ వస్తువు ఇవ్వరాదు. చేయి వేయరాదు. వీళ్ళ సామాను తమ ఇంట్లో దాచిపెట్టరాదు. సలహా చెప్పరాదు. ఊరు అయోమయంగా విన్నది. చివరికి పెద్దమనిషి ఎంకయ్య కర్ర ఊతంగా లేచాడు.

"గింతేనా సారూ? గిది వెలి ఏసుడే గద! మా అయ్యల కాడికెళ్ళి ఎర్కే మాకు."

సైన్సుకూ పల్లెకూ నడుమ ఉన్న అగాధం ఆ ఒక్క మాటతో పూడిపోయింది.

పోలీసు కేసుల భయంతో ఇప్పలగడ్డ ఆ ఆచారాన్ని చాలాకాలంగా అటక మీద పెట్టింది. చదువుకున్నవాళ్ళే వచ్చి చేయమంటుంటే ఇక భయమెందుకు? మర్నాటి నుంచి పిండిగిర్నీలో బీరమ్మ జొన్నలు పట్టలేదు. కిరాణా కొట్టు ఆమె వస్తుంటే మూసుకుని, వెళ్ళాక తెరుచుకుంది. బోరింగు దగ్గర ఆమె బిందె పెడితే మిగతా బిందెలు వెనక్కి జరిగాయి. మజ్జిగ తోడు, అగ్గిపుల్ల, పలకరింపు, అన్నీ బందు. గుండయ్యకు బీడీ ఇవ్వబోయిన ఒక బలహీనుణ్ని నలుగురూ మందలించారు. సదాశివ కళ్ళు చెమర్చాయి. "ఇంత స్వచ్ఛమైన కంట్రోల్ కుటుంబం ఏ దేశంలోనూ దొరకలేదు. ఈ గ్రామ ప్రజల క్రమశిక్షణకు జోహార్లు" అని ఆయన ఆ రోజే పైకి రాసి పంపారు.

స్నిగ్ధ రోజూ ట్యాబ్ పట్టుకుని వచ్చేది. ఆ ఇంటికి వచ్చే మనిషి ఆమె ఒక్కతే.

"అమ్మా, ఇవాళ మీ మనోధైర్యం ఒకటి నుంచి ఐదు వరకు ఎంత?"

"మబ్బు పట్టింది బిడ్డా. జర ఈ సంచి కొస పట్టుకో, గుమ్మి మీద కప్పుత. కప్పినంక ఎంతంటె అంత చెప్త."

స్నిగ్ధ చేయి చాపింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది. "పట్టుకుంటే సాయం అయిపోతుందమ్మా."

"మరి నిలవడి చూసుడు ఏమైతది?"

ఆ ప్రశ్న ట్యాబ్‌లో లేదు. స్నిగ్ధ 'రెండు' అని నొక్కి వెళ్ళింది.

సాయం అందుతున్న ఇళ్ళ పరిస్థితి ఇంతకంటే ఎంతో గొప్పగా ఉంది. వాళ్ళకు మొదట టోపీలు ఇచ్చారు. తర్వాత 'విపత్తులో చిరునవ్వు' అనే అంశంపై శిక్షణ ఇచ్చారు. టార్పాలిన్లు కూడా వచ్చాయి. అవి పంచాయతీ ఆఫీసులో భద్రంగా ఉన్నాయి, ఎందుకంటే పంచడానికి హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన రావాలి. ఆయన వచ్చేలోగా ఎవరైనా తొందరపడి ఇల్లు బాగుచేసుకుంటే బాధితుల జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. అందుకని తూర్పు వాడ మొత్తం టోపీలు పెట్టుకుని, కప్పుల్లేని ఇళ్ళల్లో, చిరునవ్వుతో కూర్చుంది. వెంకట్ ఇంటి కప్పు కూడా సగం పోయింది గనక అతనికీ ఒక టోపీ దక్కింది.

పెద్దాయన రాక ఖాయమైన రోజు భాగీరథి దొడ్లోకి వచ్చి తన బర్రెతో మాట్లాడసాగింది. గోడకు ఇవతల బీరమ్మ పిడకలు ఏరుతోంది.

"ఓ బర్రె! నీతోని మాట్లాడొద్దని ఎవ్వడన్లే గద. రేపు అందరు మీటింగుకు పోతున్నరే. సర్పంచ్ కావలోడు సుత పోతుండు. చెరుకుల ఒక్క పురుగు ఉండదు. ఇన్నవా?"

బర్రె వినలేదు. బీరమ్మ విన్నది.

"ఇంకోటే బర్రె. మా ఆయన మోకు గోడ మీద మరిచిండు. సోయిలేనోడు. ఎవలన్న ఎత్కపోతే ఏంజేద్దుమే?"

"ఓ పిడకా!" అంది బీరమ్మ గోడకు ఇవతల. "ఆ బర్రె కడుపు సల్లగుండ!"

మర్నాడు ఊరంతా బడి దగ్గర చేరింది. పెద్దాయన ప్రసంగం మొదలైంది. "సుడిగాలి మన శత్రువు కాదు, గురువు. కప్పు లేని ఇంట్లోనే దూరదృష్టి పుడుతుంది..." ఆ గొంతు మైకులోంచి చెరకు తోట దాకా వినిపిస్తుండగా, బీరమ్మా గుండయ్యా జెండాలు పీకి రేకులు లాగారు. గుండయ్య కింద నుంచి అందించాడు, బీరమ్మ గోడెక్కి అందుకుంది.

"నువ్వు ఎక్కుతవా, నేను ఎక్కాల్నా అని అడగవేందయ్యా?"

"నువ్వు మంచిగ ఎక్కుతవ్ గద" అన్నాడు గుండయ్య శాంతంగా.

"సచ్చినంక సుత నన్నే మోయమనేటట్టున్నవ్. పట్టు ఆ కొస!"

రేకులు పరిచారు. కొక్కాలు బిగించారు. వెంకట్ మోకుతో కట్టి, బరువుకు బండలు ఎత్తారు. చివరి బండ పెట్టి బీరమ్మ దిగుతుండగా తొలి చినుకు ఆమె నుదుటి మీద పడింది. ప్రసంగం అప్పటికి రెండో భాగంలో ఉంది. వాన అందుకున్నాక నిర్వాహకులు సమయస్ఫూర్తితో టార్పాలిన్లన్నీ తెచ్చి వేదిక మీద కప్పారు. పెద్దాయన తడవలేదు. తూర్పు వాడలో గుమ్ములన్నీ తడిశాయి. పొడిగా నిలిచినవి బీరమ్మ జొన్నలు మాత్రమే.

మర్నాడు డాక్టర్ సదాశివ ఆ కప్పు ముందు చాలాసేపు నిలబడ్డారు. జెండాలు పీకినందుకు కోపగించుకుంటారని గుండయ్య నక్కి చూస్తున్నాడు. కానీ శాస్త్రవేత్త ముఖంలో వెలుగు పరుచుకుంది. సాయం అందిన ఏ ఇంటికీ కప్పు లేదు. సాయం అందని ఇంటికి కప్పు ఉంది. ఇక రుజువుకు లోటేముంది?

"సాయమే విపత్తు!" అన్నారాయన.

ఆ శీర్షికతో నివేదిక వెలువడింది. నగరంలో చల్లటి హాల్లో దాన్ని ఆవిష్కరించారు. బీరమ్మ కప్పు ఫోటో తెర మీద పడగానే అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నివేదికను గౌరవించి ఇప్పలగడ్డకు రావాల్సిన సాయం రద్దు చేశారు. టార్పాలిన్లు వెనక్కి పోయాయి. టోపీలు మాత్రం, వాడినవి గనక, ప్రజలకే వదిలేశారు.

జీపులు వెళ్ళిపోయాయి. అధ్యయనం ముగిసింది కదా అని బీరమ్మ మజ్జిగ తోడుకు గిన్నె పట్టుకుని భాగీరథి గడపెక్కింది. భాగీరథి మొగుడి వంక చూసింది. వెంకట్ తడిసిన జొన్నల వంక చూసుకుని లోపలికి పోయాడు. పిండిగిర్నీ ఇంకా పట్టలేదు. బోరింగు దగ్గర బిందెలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. బీరమ్మ నేరుగా ఎంకయ్య ఇంటికి పోయింది.

"ఏంది పెద్దయ్యా గిది? సార్లు పోయిన్రు గద!"

"సార్లు పోయిన్రు. వెలి పోలే" అన్నాడు ఎంకయ్య. "ఏసినంక తియ్యాలంటే తప్పు కట్టాలె. దండుగ లెక్క ఊరికి బువ్వ పెట్టాలె. పద్ధతి గది."

"నేనేం తప్పు జేసిన?"

"గదే కూసొని తేల్చాలె. తప్పు లేకుంట వెలి ఏస్తరా ఎవలన్న?"

కూర్చున్నారు. తేల్చారు. అందరికీ కప్పు లేనప్పుడు తాను కప్పు వేసుకోవడం, దానివల్ల ఊరికి రావాల్సిన సాయం ఆగిపోవడం, బీరమ్మ చేసిన తప్పు. ఎవరూ కాదనలేదు. నిజానికి ఎవరి ఇంట్లోనూ తినే గింజ లేదు కాబట్టి తీర్పు ఎంతో వేగంగా వచ్చింది.

భోజనాలు బీరమ్మ ఇంట్లోనే జరిగాయి, వాడలో తడవని చోటు అదొక్కటే గనక. బయట ముసురు పట్టింది. ఆ పూటకు మాత్రం పిండిగిర్నీ బీరమ్మ జొన్నలు పట్టింది. బంతులు బంతులుగా కూర్చున్నారు. బీరమ్మ రొట్టెలు కొడుతూనే ఉంది, గుమ్మి దిగుతూనే ఉంది. "జొన్న పొడిగున్నది వదినా, రొట్టె గట్లనే సాగుతున్నది" అన్నాడు వెంకట్ మెచ్చుకోలుగా. ఎంకయ్య చేయి కడుక్కుని, కడుపు నిమురుకుని, వెలి తీసేసినట్టు ప్రకటించాడు. అప్పుడు ఊరంతా ఆమెతో ప్రేమగా మాట్లాడింది.

దీపావళి దాటాక స్నిగ్ధ ఫోన్ చేసింది. నివేదికకు అనుబంధం రాస్తున్నారు.

"బాగున్నారా అమ్మా? మీ జొన్నలు వచ్చే పంట దాకా సరిపోతాయా?"

"అవెక్కడియి బిడ్డా, ఎప్పుడో అయిపోయినయ్. కూలికి పోయి కొనుక్క తింటున్నం."

"అయ్యో! వానకు తడిశాయా?"

"లే."

"పురుగు పట్టిందా? ఎలుకలా?"

"లే బిడ్డా. ఊరు తిన్నది."

స్నిగ్ధ ట్యాబ్‌లో వెతికింది. నష్టకారకాల కింద గాలి, వాన, వరద, నిప్పు, పిడుగు, పురుగు, ఎలుక ఉన్నాయి. ఊరు లేదు. చివరన 'ఇతరులు' అని ఒక గడి ఉంటే అక్కడ నొక్కింది. గడి చిన్నదే. కాస్త సర్దుకుని కూర్చుంటే మనమంతా పడతాం.