హెడ్‌లైట్లు, త్రూ ప్రాపర్ ఛానెల్

శాఖలోని ప్రతి అధికారీ ఏడాదికి ఒక్క పనైనా స్వయంగా, తన చేతుల్తో, ఎవరి సాయమూ లేకుండా చేసి చూపించాలని మంత్రిగారు ప్రకటించినప్పుడు, సభలో ఉన్న అధికారులందరూ జేబుల్లోంచి చేతులు బయటికి తీసి ఒకసారి చూసుకున్నారు. ఆ కార్యక్రమానికి ‘స్వహస్తం’ అని పేరు పెట్టారు. పేరు కోసం ఒక కమిటీ పనిచేసింది. చెయ్యి బొమ్మ గీసే పని టెండరు పిలిచి బయటివాళ్ళకి ఇచ్చారు.

అది ఏ శాఖో ఇక్కడ చెప్పడం మర్యాద కాదు. రోడ్లకీ బండ్లకీ దానికీ కాస్త సంబంధం ఉందంటే చాలు.

ప్రకటన వెలువడ్డాక శాఖలో పోటీ మొదలైంది. ఒక జాయింట్ సెక్రటరీగారు తన టీ తానే కలుపుకుని వీడియో పెట్టారు. చక్కెర వెయ్యడం మర్చిపోయారు గానీ, దాన్ని రెండో దశలో చేపడతామని కింద రాయించారు. మరొక పెద్దాయన లిఫ్టు బటన్ స్వయంగా నొక్కారు. పదోన్నతి ఫైలు పైకి కదులుతున్న సమయంలో డైరెక్టర్ అనంతరామయ్యగారు ఏం చేసి చూపిస్తారా అని ఆర్.కె. పురంలోని ప్రభుత్వ క్వార్టర్లన్నీ ఎదురు చూస్తున్నాయి. ఆయన కూడా అదే ఎదురు చూస్తున్నారు.

ఆయన భార్య అరుంధతికి ఆ డిసెంబరులో ఉన్న కోరిక ఒక్కటే. చీకటి పడ్డాక క్షేమంగా ఇంటికి చేరడం. ఆమె గ్రేటర్ నోయిడాలో ఒక కాలేజీలో లెక్చరరు. క్లాసులు అయ్యేసరికి పొద్దు గూకుతుంది, పొగమంచు దిగుతుంది. కారు హెడ్‌లైట్లు మసకబారిపోయి, వాటి వెలుగు బానెట్ దాటి నాలుగడుగులు పోవడం లేదు. ఒకరోజు సాయంత్రం, వెనకాల దీపం లేని చెరకు ట్రాలీ ఒకటి, ఆమె బ్రేకు తొక్కిన తరవాత కనిపించింది. ఇంటికి వచ్చి కూడా చాలాసేపు స్టీరింగు వదలకుండా కూర్చుంది. ఆ తరవాతే పైకి వచ్చింది.

“ఏమండీ, నాకు భయంగా ఉంది. ఆ లైట్లు మార్పించండి. కరోల్‌బాగ్‌లో కార్ల మెకానిక్కుల దగ్గరికి తీసుకెళ్తే పూట పని” అంది.

అనంతరామయ్యగారు పేపరు దించారు. దేశానికి ఏదో మేలు జరగబోయే ముందు ఆయన పేపరు అలాగే దించుతారు.

“నేనే మారుస్తాను” అన్నారు.

“మీరా?”

“నేనే. ఇంట్లోనే. స్వహస్తాలతో.”

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ట్యూబ్‌లైటు స్టార్టరు తిప్పగా చూడలేదు ఆవిడ. మిక్సీ ప్లగ్గు పెట్టాలన్నా ముందు చుట్టూ చూసి ఎవరైనా ఉన్నారేమోనని పిలిచే మనిషి.

“ఎందుకండీ ఈ తిప్పలు? నాకు సోమవారానికి లైట్లు కావాలి.”

“కావాలంటే సరిపోదు అరుంధతీ. దానికో పద్ధతి ఉంటుంది” అన్నారాయన. అప్పటికే ఫోనులో మంత్రిగారి పేషీ నంబరు వెతుకుతున్నారు.

ఆదివారం మధ్యాహ్నం క్వార్టర్ల కింద కారు నిలబెట్టారు. చుట్టూ ఎండలో నారింజలు ఒలుచుకుంటున్న ఆంటీలు కుర్చీలు ఇటు తిప్పుకున్నారు. ఎదురు బ్లాకులో ఉండే సెక్షన్ ఆఫీసరు శివకుమార్ టూల్ బాక్సు పట్టుకుని వచ్చాడు. ఎవరి సాయమూ ఉండకూడదని నిబంధన ఉంది కాబట్టి శివకుమార్ సాయం చెయ్యలేదు. బానెట్ ఎత్తాడు, పాత బల్బులు ఊడదీశాడు, కొత్తవి పెట్టాడు, వైర్లు పరిచాడు. సార్ చేసేదంతా సార్ చేశారు. అరుంధతి వీడియో తీస్తున్నంతసేపు స్పానర్ ఆయన చేతిలోనే ఉంది. ఏ చివర పట్టుకోవాలో శివకుమార్ సైగ చేసి చెప్పాడు.

ఆన్‌లైన్‌లో తెప్పించిన బల్బులు పాతవాటికి రెట్టింపు శక్తివి. వాటితోబాటు వైరింగ్ కిట్ వచ్చింది. దాంట్లోంచి అగ్గిపెట్టెంత నల్ల డబ్బీ ఒకటి తీసి అనంతరామయ్యగారు ఎండకి పట్టి చూశారు.

“ఇదేమిటి శివకుమార్?”

“రిలే సార్. మనం లోపల స్విచ్ వేస్తే, ఇది అందుకుని బ్యాటరీ నుంచి కరెంటుని నేరుగా లైట్లకి పంపిస్తుందట.”

“నేరుగానా?”

“నేరుగానే సార్.”

“స్విచ్ ద్వారా వెళ్ళదా?”

“స్విచ్ ఆర్డరు ఇస్తుందంతే సార్. అసలు కరెంటంతా బయటి నుంచే పోతుంది.”

అనంతరామయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “నా సర్వీసులో ఇలాంటిది జరగనివ్వలేదు. బ్యాటరీ ఎవరు? కింది స్థాయి. డాష్‌బోర్డు ఎవరు? పై స్థాయి. కిందవాడు పైవాణ్ణి దాటేసి, లైటుతో డైరెక్టుగా వ్యవహారం నడుపుతాడా? ప్రతి ఆంపియరూ త్రూ ప్రాపర్ ఛానెల్ రావాలి. స్విచ్‌లోంచే వెళ్ళాలి. ఈ డబ్బీ తీసెయ్.”

“యస్సార్.”

“ఆ గాజుముక్క లాంటిదేమిటి?”

“ఫ్యూజు సార్. ఏదైనా తేడా వస్తే మిగతావాటిని కాపాడ్డానికి ముందు అది కాలిపోతుందట.”

“అంటే బాధ్యత అది తీసుకుంటుందా?”

“అవున్సార్.”

“అలాంటి పోస్టు మనదగ్గర లేదు. అదీ తీసెయ్.”

అరుంధతి ఫోనులో వీడియో ఆపి, కిట్‌తో వచ్చిన కాగితం చదివింది. “రిలే లేకుండా ఈ బల్బులు పెట్టొద్దని ఇందులో ఉందండీ. స్విచ్ కాలుతుందట.”

“అవి గైడ్‌లైన్స్ అరుంధతీ. రూల్స్ కావు.”

“రేపు ఆ కారు నడిపేది నేనండీ.”

“అందుకే కదా ఇంత జాగ్రత్త తీసుకుంటున్నాను” అన్నారాయన, ఎంతో ప్రేమగా.

సందె చీకట్లో ట్రయల్ వేశారు. నిజం చెప్పుకోవాలి, లైట్లు వెలిగాయి. ఎదురు బ్లాకు గోడ మీద పెచ్చులూడిన సున్నం కూడా కనిపించింది. ఆంటీలు చప్పట్లు కొట్టారు. అరుంధతికి కూడా ఒక్క క్షణం మొగుడి మీద ముచ్చటేసింది. తరవాత వాసన వచ్చింది.

“ఏదో కాలుతోందండీ.”

“కొత్తదనం” అన్నారు అనంతరామయ్యగారు.

“కొత్త వైర్లకి ఉంటుంది మేడమ్” అన్నాడు శివకుమార్.

స్టీరింగు పక్క స్విచ్ మెత్తబడి, తలవంచి, కిందికి వేలాడింది. లైట్లు ఆరిపోయాయి. అనంతరామయ్యగారు కారు చుట్టూ తిరిగి పరీక్షించి ఒక నిర్ధారణకి వచ్చారు. బల్బులు ఉన్నాయి. వైర్లు ఉన్నాయి. అద్దాలు మెరుస్తున్నాయి. వెలగడం అనే ఒక్క అంశం మాత్రం పెండింగులో ఉంది.

“కరోల్‌బాగ్ తీసుకెళ్తాను రేపు” అంది అరుంధతి.

“రేపు మధ్యాహ్నం మంత్రిగారు వస్తున్నారు. నువ్వు సెలవు పెట్టు.”

మంత్రిగారు వచ్చారు. బానెట్‌కి కట్టిన రిబ్బను కత్తిరించారు. ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని, రాత్రికి రాత్రి శివకుమార్ టేపు చుట్టి నిలబెట్టిన స్విచ్‌ని రెండు వేళ్ళతో తిప్పారు. ముందు నిలబడ్డవాళ్ళందరూ మంత్రిగారిని చూస్తున్నారు. మంత్రిగారు కెమెరాలని చూస్తున్నారు. లైట్లని చూసే పని ఎవరికీ అప్పగించలేదు. శివకుమార్ చప్పట్లు మొదలుపెట్టాడు. కెమెరా ఫ్లాష్‌లు హెడ్‌లైట్ల అద్దాల మీద పడి తళుక్కుమన్నాయి. మర్నాడు పేపర్లో ఆ కారు సూర్యుడికి పోటీ వస్తున్నట్టే ఉంది.

“అచ్ఛా, ఇందులో విశేషమేమిటి?” అని మంత్రిగారు హిందీలో అడిగారు.

“మధ్యవర్తి లేడు సార్. కరెంటంతా స్విచ్ అదుపులోనే ఉంటుంది” అన్నారు అనంతరామయ్యగారు, హిందీలోనే.

“బహుత్ బఢియా. అదుపు ఉండాలి” అన్నారు మంత్రిగారు. ఆ సాయంత్రమే దానికి ‘ఆర్.కె. పురం మోడల్’ అని పేరు వచ్చింది.

మంగళవారం అరుంధతి కాలేజీకి పోయే ముందు కరోల్‌బాగ్ వెళ్ళింది. మెకానిక్ కొత్త స్విచ్ వేశాడు, రిలేలు పెట్టాడు, ఫ్యూజు పెట్టాడు, లైట్లు వేసి చూపించాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ సాయంత్రం పొగమంచులో తెల్లటి దారి ఎదురుగా పరుచుకుంటూ పోతుంటే ఆమెకి ప్రాణం లేచి వచ్చింది. నోయిడా దాటేదాకా తనలో తాను నవ్వుకుంటూనే ఉంది. ఇంటికి వచ్చి, “ఏమండీ, లైట్లు...” అనబోయింది. అనంతరామయ్యగారు ఫోనులో ఎవరికో తన విజయ రహస్యం చెబుతూ, ఆగమని చెయ్యి ఎత్తారు. ఆ చెయ్యి వారమంతా దిగలేదు.

ఆ వారంలోనే శాఖలోని కార్లన్నిటినీ ఆర్.కె. పురం మోడల్‌లోకి మార్చారు. బాగా పనిచేస్తున్న రిలేలు ఊడబెరికి గోతాల్లో నింపి స్టోరుకి పంపారు. మొట్టమొదట మంత్రిగారి కారునే మార్చారు, ఆదర్శంగా ఉంటుందని. గ్రేటర్ నోయిడాలో రోడ్డు భద్రత మీద పెద్ద సదస్సు పెట్టి, మోడల్ గురించి ప్రసంగించమని మంత్రిగారు అనంతరామయ్యగారినీ, తోడుగా శివకుమార్‌నీ వెంట తీసుకెళ్ళారు. ప్రసంగం బాగా వచ్చింది. చీకటి పడింది. అందరూ బయల్దేరారు.

అరుంధతి ఆ సాయంత్రం కాలేజీ నుంచి వస్తుంటే ఎక్స్‌ప్రెస్‌వే పక్కన మసకమసకగా మనుషులు కనిపించారు. ఎవరో మఫ్లరు ఊపుతున్నారు. ఆ మఫ్లరు తను అల్లిందే. ఆమె బండి నెమ్మదించి పక్కకి తీసింది.

వరసగా కార్లన్నీ చీకట్లో నిలబడి ఉన్నాయి. ప్రతి కారులోంచీ అదే కొత్తదనం వాసన వస్తోంది. అధికారులు ఫోను టార్చీలు పట్టుకుని, వెనక నుంచి వచ్చే లారీల వైపు భయంభయంగా చూస్తున్నారు. మంత్రిగారు శాలువా తల చుట్టూ కప్పుకుని ఉన్నారు.

“అరుంధతీ,” అన్నారు అనంతరామయ్యగారు. ఆ పిలుపులో ఆమెకి పెళ్ళైన కొత్తల్లో విన్న వణుకు వినిపించింది.

మంత్రిగారు ముందు సీట్లో ఎక్కారు. వెనక అనంతరామయ్యగారూ శివకుమారూ సర్దుకున్నారు. మిగతావాళ్ళు కార్లు అక్కడే వదిలేసి, పెట్రోలింగ్ బండి కోసం రెయిలింగు అవతలికి దిగి నిలబడ్డారు. అరుంధతి లైట్లు వేసింది. మంచు చీల్చుకుని రోడ్డు కనిపించింది.

మంత్రిగారు ముందుకి వంగి చూశారు. “ఇది ఆ కారేనా? నేను రిబ్బను కత్తిరించినది?”

“అదే సార్” అన్నారు అనంతరామయ్యగారు.

“ఇంత దారిలో ఒక్కటే కారు వెలుగుతోంది. అది మన మోడల్.”

అరుంధతి ఇక ఊరుకోలేకపోయింది. “ఇది కరోల్‌బాగ్‌లో బాగుచేయించాను సార్. ఈయన తీసేసిన రిలేలు, ఫ్యూజు మళ్ళీ పెట్టించాను. మీ కార్లన్నిటికీ పెట్టించండి. లేకపోతే ఎవరి ప్రాణాలో పోతాయి.”

వెనక అనంతరామయ్యగారు దగ్గారు. మంత్రిగారు నోయిడా దాటి కాళింది కుంజ్ వచ్చేదాకా ఆలోచించారు.

“అంటే,” అన్నారు చివరికి, “మన మోడల్ అప్పుడే కరోల్‌బాగ్ దాకా పాకిందన్నమాట.”

“పాకింది సార్” అన్నాడు శివకుమార్.

“మరి మిగతా కార్లు ఎందుకు వెలగలేదు?”

“ఇంప్లిమెంటేషన్ లోపం సార్. కింది స్థాయిలో” అన్నారు అనంతరామయ్యగారు. దగ్గు తగ్గింది.

“డ్రైవర్లందరికీ షోకాజ్ నోటీసులివ్వండి.”

అరుంధతి అద్దంలోంచి భర్త ముఖం చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఒళ్ళు మండిపోయింది ఆమెకి. కానీ పక్కన లారీ వస్తోంది, రోడ్డు మీద దృష్టి పెట్టింది.

మర్నాడు పొద్దున్నే క్రేను వచ్చింది. కారుకి బంతిపూల దండ వేశారు. శాఖ ముందు హాల్లో గాజు గది కట్టి దాన్ని శాశ్వతంగా ప్రదర్శనకి పెట్టాలని మంత్రిగారు ఆదేశించారట.

“నేను కాలేజీకి ఎలా వెళ్ళాలండీ?” అంది అరుంధతి.

“నీ కారు దేశానికే ఆదర్శమైంది, సంతోషించు. మెట్రో ఉందిగా.”

“మెట్రో దిగాక ఆ చీకట్లో షేర్ ఆటో ఎక్కాలి. వాటికి ఒక్కదానికీ లైట్లుండవు.”

“అది స్టేట్ సబ్జెక్టు” అన్నారు అనంతరామయ్యగారు బాధగా. ఫొటోగ్రాఫరు పిలిస్తే దండ సవరించి కారు పక్కన నిలబడ్డారు.

ఆ నెలాఖరుకి ఆయన జాయింట్ సెక్రటరీ అయ్యారు. అరుంధతి మెట్రో దిగి, దీపం లేని ఆటోలో, ఎదుటి సీటు కమ్మీ రెండు చేతులా పట్టుకుని ప్రయాణం చేస్తోంది. కారు గాజు గదిలో ఉంది. పగలంతా, ఎండ నిండిన ఆ హాల్లో, హెడ్‌లైట్లు దేదీప్యమానంగా వెలుగుతూ ఉంటాయి. చీకటి పడగానే, విద్యుత్ పొదుపు కోసం, ఆర్పేస్తారు.