కెప్టెన్ కెరటానికి గంజి

ఆ ఉదయం కృపావతి వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త నెహెమ్యా ఆఫీసుకు వెళ్ళగానే తలుపు గడియ పెట్టుకోవాలి. బొమ్మల కథ ఆఖరి పేజీ గీయాలి. సాయంత్రం నాలుగులోగా డెలానీపూర్ నుంచి ఆటో ఎక్కి గోల్ ఘర్‌లో ప్రసన్న కుమార్ చేతిలో పెట్టాలి.

ప్రసన్న కుమార్ పోర్ట్ బ్లెయిర్ తెలుగువాళ్ళ వార్షిక సంచికకు సంపాదకుడు. మన పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు గాని నాలుగు వాక్యాలు చదివేసరికి ఆవులిస్తున్నారు, బొమ్మల కథ అయితే చదువుతారేమో అని కృపావతిని అడిగింది ఆయనే. ఆమె కాలేజీలో వృక్షశాస్త్రం చదివింది. ఆకు ఈనెలు కూడా పొల్లుపోకుండా గీసిన చెయ్యి. చివరిది తప్ప పేజీలన్నీ ఇచ్చేసింది. ఆ చివరిది కూడా నాలుగులోగా రాకపోతే ముగింపు లేని కథ వేయలేమని, మొత్తం తీసేసి ఆ చోట పరుపుల దుకాణం ప్రకటన వేస్తామని ఆయన మర్యాదగానే చెప్పాడు. పెళ్ళి కార్డు తరవాత కృపావతి పేరు అచ్చులో పడబోవడం ఇదే మొదటిసారి.

కథ ఇంకో లోకంలోని పోర్ట్ బ్లెయిర్‌లో జరుగుతుంది. అక్కడ ఓడలు చెప్పిన వేళకే బయలుదేరతాయి. కుళాయిలో రోజూ నీళ్ళొస్తాయి. ఇంటర్నెట్ ఆగదు. ఆ ఊళ్ళో కెప్టెన్ కెరటం అనే మహావీరుడున్నాడు. తుఫానును అరచేత్తో ఆపగలడు. కానీ అక్కడి తుఫాన్లు మంచి మర్యాద తెలిసినవి, ఊరిని తప్పించి చుట్టు తిరిగి పోతాయి. పని లేక పని లేక వీరుడి శక్తి ఉడిగిపోయి జెట్టీ మీద కూలబడ్డాడు. మళ్ళీ ఎలా లేస్తాడో కృపావతికే తెలియదు. వారం రోజులుగా ఆమెకు కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే కూర్చోవాలనిపిస్తోంది. ఆ వీరుడికి నెహెమ్యా మీసం, నెహెమ్యా పొట్ట ఉన్న సంగతి నెహెమ్యాకు తెలియదు.

ఏమీ తోచకే ఆమె ఆ తెల్లవారుజామున ప్రార్థన చేయమని అడిగింది. చర్చి ఆడవాళ్ళలో ఎవరికి కష్టమొచ్చినా పొద్దున్నే నాన్సీ ఆంటీకి ఫోన్ చేసి చెప్పాలి. ఆవిడ ఇంకొకరికి, వాళ్ళు మరొకరికి, అలా ఇల్లిల్లూ ప్రార్థన సాగుతుంది. వివరం మాత్రం ఎవరూ అడగకూడదు. లోగడ వివరాలు అడగడంలోనే పొద్దుపోయి ప్రార్థనకు వేళ చాలకపోయేసరికి, టీచరుగా రిటైరైన నాన్సీ ఆంటీ పెట్టిన నియమమది.

"మా ఇంట్లో ఒకాయనకు శక్తి పోయిందాంటీ. సాయంత్రం నాలుగులోగా లేవాలి. లేకపోతే అంతా అయిపోయినట్టే," అంది కృపావతి. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. బొమ్మల కథ అని చెప్పడానికి సిగ్గేసింది, అంతే.

నియమాన్ని ఆ రోజు పాటించినంత నిష్ఠగా ఎప్పుడూ పాటించలేదు. ఎవరూ ఏమీ అడగలేదు, ఎవరికి తోచింది వాళ్ళు నింపుకున్నారు. ఆ ఇంట్లో వేరే మగమనిషి లేడు గనక మొదటి ఫోనుకే ఆ 'ఒకాయన' నెహెమ్యా అయ్యాడు. తరవాతి ఫోనుకు ఒక కాలూ ఒక చెయ్యీ పడిపోయాయి. నాలుగు గంటలనేది డాక్టరు పెట్టిన గడువైంది. కబురు ఊరి చివర బ్రూక్షాబాద్ చేరేసరికి అక్కడివాళ్ళు భూస్థాపనకని తెల్ల చీరలు ఇస్త్రీ చేయించుకుంటున్నారు.

కృపావతి పెన్సిలు చెక్కి, కొలబద్దతో గళ్ళు కొట్టి, మొదటి గడిలో జెట్టీ గీసిందో లేదో గేటు చప్పుడైంది. నాన్సీ ఆంటీ. చేతిలో గంజి గిన్నె, వెనకాల ఇంకో ఐదారుగురు. కృపావతి కాగితాలు వంటింటి గట్టు మీద పళ్ళెం కింద దాచి తలుపు తీసింది.

"నువ్వు కూర్చో కృపా. ఈ రోజు నువ్వు చెయ్యి కదపడానికి వీల్లేదు," అంది ఆవిడ. పొద్దుటి నుంచి తను టీ కూడా ముట్టకుండా ఉపవాసం ఉన్నానని, మిగతా వాళ్ళూ అంతేనని చెప్పింది.

అప్పుడే నిజం చెప్పెయ్యాలని కృపావతి నోరు తెరిచింది. ఇంతమంది కాగితం మీది మనిషి కోసం కడుపు మాడ్చుకున్నారని ఏ ముఖంతో చెప్పడం? నోరు మూసుకుంది. నెహెమ్యా ఏడని వాళ్ళు అడగబోతుండగా నెహెమ్యాయే వచ్చాడు.

ఆయన ఓడ టిక్కెట్ల కౌంటర్లో పనిచేస్తాడు. ఇంట్లో ఎవరికో శక్తి పోయిందట, జల్దీ వెళ్ళమని పై అధికారి తరిమాడు. ఇంట్లో ఉన్నది భార్య ఒక్కతే. ఆటో దొరక్క, ఆ ఎండలో మిట్ట ఎక్కి పరుగెత్తుకొచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది. గుమ్మంలో అంతమంది ఆడవాళ్ళు బైబిళ్ళు పట్టుకుని కనిపించేసరికి నిజంగానే కాళ్ళు వణికాయి. ఆ వణుకు అందరూ చూశారు. అయ్యో, నడిపించారా అంటూ నలుగురు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు.

మంచినీళ్ళు తెచ్చిన కృపావతి ఆయన చెవి దగ్గరికి వంగింది.

"మీకేం కాలేదు. కాసేపు పడుకోండి."

"ఏం కాకపోతే ఎందుకు పడుకోవాలి?"

"మీరు లేస్తే నేను చెప్పాల్సొస్తుంది."

"ఏం చెప్పాలి?"

"తరవాత చెప్తా."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో భార్య తనను పగలు పడుకోమనడం ఇదే మొదలు కాబట్టి నెహెమ్యా ఎక్కువ వాదించలేదు. నాన్సీ ఆంటీ గంజి చెంచాతో పోసింది. ఇంతలో పక్క వాటాలో ఉండే కాళమ్మ సొరచేప పులుసుతో వచ్చింది. ఆమె మొగుడు సముద్రం మీద చేపల వేటకెళ్తాడు, వాళ్ళది కళింగపట్నం వైపు.

"ఏటమ్మా, బాబుకింత అయిపోతే నాకొక్క ముక్క సెప్పనేదు? రెండేళ్ళయి ఒక్క గోడకి అటూ ఇటూ ఉన్నాం, నీ గుమ్మం నానెప్పుడైనా తొక్కేనా?" అంది, తప్పు కృపావతిదన్నట్టు.

కృపావతి వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. మంచం చుట్టూ మనుషులు, చాలని కుర్చీలు, ఒకరి మీంచి ఒకరు చేతులు చాపి దిండు సర్దడాలు. మధ్యలో నెహెమ్యా, పొద్దున వెళ్ళినప్పటికన్నా కళగా ఉన్నాడు. ఆ ఇంకో పోర్ట్ బ్లెయిర్‌లో ఏ ఇంటికీ ఏ కష్టమూ రాదు, కాబట్టి ఎవరూ ఎవరి గుమ్మమూ తొక్కరు. కెప్టెన్ కెరటానికి కరువైంది శక్తి కాదు, గుమ్మం తొక్కే మనుషులు.

ఆమె గట్టు మీది పళ్ళెం తీసింది. కూర తరుగుతున్నానని కేకేసి, కొత్త కాగితం మీద నిలబడే గీసింది. పేజీ నిండా ఒకే గది, ఒక మంచం, మీద కెప్టెన్ కెరటం, చుట్టూ ఊరు ఊరంతా. ఆఖరి గీత గీసీ గీయగానే పెరటి తలుపు తీసుకుని రోడ్డెక్కింది.

గోల్ ఘర్‌లో ప్రసన్న కుమార్ గదికి తాళం వేసి ఉంది. గడియారం నాలుగుకు దగ్గరపడింది. ఆమె మెట్లు దిగింది, మళ్ళీ ఎక్కింది, తాళం లాగి చూసింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. చివరికి పక్క దుకాణం అతణ్ణి అడిగింది.

"భయ్యా డెలానీపూర్ గయా దీదీ. అక్కడెవరో నెహెమ్యా అంట, బహుత్ సీరియస్," అన్నాడతను.

ఆమె ఇల్లు చేరేసరికి ప్రసన్న కుమార్ మంచం పక్కన కూర్చుని సొర పులుసుతో అన్నం తింటున్నాడు. నాలుగు దాటిపోయింది. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. కృపావతి పేజీని మంచం మీద, నెహెమ్యా కాళ్ళ దగ్గర పరిచింది.

"పొద్దున నేను ప్రార్థన అడిగింది ఈయన కోసం," అని బొమ్మ మీద వేలు పెట్టింది.



"అయితే నేను పొద్దుట్నుంచి టీ తాగనిది ఈ బొమ్మ కోసమా?" అంది నాన్సీ ఆంటీ.

"అవునాంటీ."

కాళమ్మ వంగి చూసింది. "బాబు పొట్ట అచ్చుగుద్దినట్టు దిగిపోనాది," అంది. ఆ మాటకు రోగి దుప్పటి తన్నేసి లేచి కూర్చుని, పేజీ లాక్కుని, మీసం తడుముకుంటూ చూడసాగాడు.

ప్రసన్న కుమార్ చెయ్యి కడుక్కుని వచ్చి, పేజీ చాలా బాగుంది గాని గడువు దాటింది సిస్టర్ అని, పరుపుల దుకాణం వాళ్ళకు మాటిచ్చేశానని నసిగాడు. నాన్సీ ఆంటీ అతని వైపు తిరిగింది. చిన్నప్పుడు అతనికి లెక్కలు చెప్పింది ఆవిడే.

"నాలుగు గంటలకు నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే, ఆంటీ."

"ఈ అమ్మాయి ఎక్కడుంది?"

"మా ఆఫీసు దగ్గర."

"మరి ఆలస్యం ఎవరిది?"

ప్రసన్న కుమార్ పేజీని జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకున్నాడు. కృపావతికి ఊపిరి తిరిగింది. అతను గుమ్మం దాకా వెళ్ళాక నాన్సీ ఆంటీ ఆగమంది. ఫైలు తెరిపించింది. కళ్ళద్దాలు సరిచేసుకుని పేజీ అంతా వెతికింది.

"ఈ గంజి పట్టుకున్నది నేనేనా?"

"మీరే ఆంటీ," అంది కృపావతి.

"నా గిన్నె ఇంతేనా?"

కృపావతి పెన్సిలు, రబ్బరు తెచ్చుకుంది. అచ్చయిన సంచికలో ఆ గిన్నె కెప్టెన్ కెరటం కన్నా కాస్త పెద్దది.