రాగి రేకు మీద హత్యాయత్నం

“ఈ భూమ్మీద నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్లు, నాకింకా ఎదురుపడనివాళ్లు.”

ఈ మాటన్నది డాక్టర్ ఎగ్బెర్ట్ క్రోల్. బెర్లిన్ శివార్లలోని ఎక్స్‌రే ప్రయోగశాలలో ఆయన అసలు ఉద్యోగం గొట్టాలు కారుతున్నాయేమో చూడడం. ఇప్పటిదాకా ఛేదించిన కేసు ఒక్కటే, పోయిన తన గొడుగు. అదీ తన చేతికే వేలాడుతూ దొరికింది.

వీబ్కె హార్మ్‌సన్‌కి నవ్వే ఓపిక లేదు. కార్బన్ డయాక్సైడ్ కలిపిన నీళ్లలో రాగి రేకు ముంచి కరెంటు పెడితే ఇథిలీన్ అనే పనికొచ్చే వాయువు రావాలి. ఆ పని జరుగుతుండగానే రేకు పైపొర ఎలా మారుతుందో ఎక్స్‌రే కిరణంతో చూడడం ఆమె పరిశోధన. ఏడాది ఎదురుచూస్తే ఈ ప్రయోగశాలలో మూడు రోజుల సమయం దొరికింది. తీరా చూస్తే పెట్టిన ప్రతి రేకూ పది నిమిషాల్లో చచ్చి, ఉత్త హైడ్రోజన్ కక్కుతోంది. ఇవాళ ఐదింటికి గడువు ముగుస్తుంది. కొలతలు రాకపోతే డాక్టరేట్ మీద ఆశ వదులుకోవలసిందే.

“ఎవడో విషం కలుపుతున్నాడు,” అన్నాడు క్రోల్ గొంతు తగ్గించి. “ఎవరి మీదైనా అనుమానం ఉందా?”

“లేదండీ.”

“అక్కడే నాకు అనుమానం.”

ఆమె భుజం మీదుగా తొంగిచూస్తున్న ఆమె గైడ్, ప్రొఫెసర్ రూడెల్ విసుక్కున్నాడు. “విషమూ లేదు, గిషమూ లేదు. నీ చెయ్యే సరిగ్గా లేదమ్మాయ్. కిరణం క్షణం కూడా ఆపకు. పూర్తి వెలుగు పెట్టి రెప్ప వెయ్యకుండా చూడు.” మూడు రోజులుగా ఆయనది ఇదే పాట.

పదకొండున్నరైంది. ప్రళయమొచ్చినా అక్కడ భోజనం ఆగదు. వీబ్కె కొత్త రేకు పెట్టి, ప్రొఫెసర్ వెంట క్యాంటీన్‌కి నడిచింది. హంతకుడు నేరస్థలానికి తిరిగొస్తాడని గట్టిగా నమ్మిన క్రోల్, తలుపు తీసుకుని, రేకు మీద కిరణం పడే సీసపు గోడల గదిలో దూరి దాక్కున్నాడు. ఆ తలుపు తెరిస్తే కిరణం దానంతటదే ఆగిపోతుందని గోడ మీద మూడుచోట్ల రాసి ఉంది. మహా మేధావులు గోడలు చదవరు.

తిరిగొచ్చేసరికి తెర నల్లగా ఉంది. కిరణం ఆగి అరగంటైంది. వీబ్కె తలుపు తీస్తే, వైర్ల మధ్య క్రోల్ గుర్రుపెడుతున్నాడు.

ప్రొఫెసర్ తిట్లు లంకించుకున్నాడు. వీబ్కె వినడం లేదు, వాయువుల కొలత చూస్తోంది. ఇథిలీన్ ధారాళంగా వస్తోంది. రేకు నిక్షేపంగా బతికి ఉంది.

“నా కాపలాకి జడిసి నేరస్థుడు రాలేదు,” అన్నాడు క్రోల్ కళ్లు నులుముకుంటూ.

“మీరు తలుపు తీయగానే ఆగిపోయాడండీ.” ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. “అలా కిరణంతో గుచ్చిగుచ్చి చూడడమే రేకుని చంపేస్తోంది. కిరణం పలచన చేసి, ఒక్క క్షణం చూసి మూసేస్తే చాలు. ఇంకా ఐదు గంటలుంది.”

ఇదే మన ఊళ్లో అయితే, దిష్టి తగిలిందని ఏ ముసలమ్మయినా మొదటిరోజే తేల్చేసేది.

క్రోల్ నోట్‌బుక్ తెరిచాడు. “అంటే, రెప్ప వెయ్యకుండా చూడమన్న మనిషే దోషి. ప్రొఫెసర్ గారూ, ఈ మూడు రోజులూ మీరెక్కడున్నారు?”

“ఇక్కడే, ఈ అమ్మాయి వెనకాలే,” అనేసి నాలిక కరుచుకున్నాడు ప్రొఫెసర్.

వీబ్కె లేచి, ప్రొఫెసర్ కోసం బయటి తలుపు తెరిచి పట్టుకుంది.

“మీరు వెళ్లి కాఫీ తాగండి సార్. నేను పని చేసుకుంటాను.”