దివంగత కెప్టెన్ గారి హాజరు

నౌకాదళానికి వన్నె తెచ్చిన దివంగత కెప్టెన్ గారికి రేవులో నిలువెత్తు విగ్రహం పెడతామని మా మంత్రిగారు ప్రకటించారు. ప్రకటిస్తూ కళ్లు తుడుచుకున్నారు. ఆ ఉపన్యాసం రాసింది నేనే కాబట్టి, ఎక్కడ తుడుచుకోవాలో కూడా నేనే రాశాను.

మర్నాడు జీవిత విశేషాల కోసం కెప్టెన్ గారింటికి వెళ్లాను. ఓ పెద్దాయన తలుపు తీశాడు.

"కెప్టెన్ గారి కుటుంబ సభ్యులతో మాట్లాడాలండీ."

"కెప్టెన్ని నేనే. చెప్పు బాబూ."

లోపల్నించి ఆయన భార్య, "ఈయన పోయారని పొద్దున్నే పేపర్లో చదివాం నాయనా. రా, కూర్చో," అంది.

పెరట్లోకి పోయి మంత్రిగారికి ఫోన్ చేశాను. ఆయన దేనికీ కంగారు పడే మనిషి కాదు.

"ఫైల్లో పోయారనే ఉందయ్యా. విగ్రహం కూడా పోత పోసేశారు. సభ అయ్యేదాకా కాస్త సర్దుకోమను."

కెప్టెన్ గారు సర్దుకుంటానన్నారు. ఒకటే షరతు పెట్టారు. ముప్పై ఏళ్ల కిందట ఆయన ఓడ నడిసముద్రంలో అంటుకుంది. మండుతున్న ఓడను రేవుకు చేర్చి డెబ్బై మందిని కాపాడినందుకు ఆయనకు పతకమిచ్చారు. ఇంజన్ గదిలో ఉన్న ఏడుగురు మాత్రం పైకి రాలేదు.

"ఇంజన్ ఆగకుండా చూసింది వాళ్లు. నేను పైన నిలబడ్డాను, అంతే. విగ్రహం కింద ఆ ఏడు పేర్లు చెక్కించండి. నన్ను పోయాడనుకున్నా ఫర్వాలేదు."

కాగితం చూడకుండా పేర్లు చెప్పుకుపోయారు. ఏడో పేరు దగ్గర ఆగిపోయారు. ఆవిడే అందించింది.

"మా తమ్ముడు," అంది.

"తప్పకుండా చెక్కిద్దాం," అన్నారు మంత్రిగారు ఫోన్లో. అన్న మాట తప్పే రకం కాదు ఆయన.

సభ రోజున కెప్టెన్ గారు ఆఖరి వరసలో బుద్ధిగా కూర్చున్నారు. తనకోసం పాటించిన మౌనంలో తనూ లేచి నిలబడ్డారు. మంత్రిగారు ఆవిడను వేదిక మీదికి పిలిచి, వీరుడి వితంతువుగా జ్ఞాపిక అందించి ఫొటో దిగారు. తరవాత తెర లాగారు. విగ్రహం కింద సరిగ్గా ఏడు పేర్లున్నాయి. మొదటిది మంత్రిగారిది. ఏడోది విగ్రహం కాంట్రాక్టరు గారి బావమరిదిది.

కెప్టెన్ గారు లేచారు. తిన్నగా వేదికెక్కి మైకు అందుకుని, "నేను బతికే ఉన్నాను. పోయినవాళ్ల పేర్లు చెబుతాను, వినండి," అన్నారు. మూడు పేర్లు చెప్పేసరికి మైకు ఆగింది. మిగతా నాలుగూ గొంతెత్తి అరిచారు. చివరి పేరు దగ్గర ఈసారి ఆగలేదు. అప్పటికే పోలీసులు రెండు రెక్కలూ పట్టుకున్నారు.

దివంగత కెప్టెన్ గారిలా నటించి ప్రజలను మోసగించాడని స్టేషన్లో కేసు రాశారు. పత్రికా ప్రకటన కోసం నేనూ వెళ్లాను. కాసేపటికి ఆవిడ వచ్చింది.

"మీరేమవుతారమ్మా ఇతనికి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"భార్యని."

"భలేవారే! ఇందాక మీకు జ్ఞాపిక ఇచ్చినప్పుడు అక్కడే ఉన్నాను. కెప్టెన్ గారు పోయారు కదమ్మా. పరాయి మగవాణ్ణి మీ వెంట ఎలా పంపమంటారు?"

ఆవిడ వెళ్లి బెంచీ మీద ఆ పరాయి మగవాడి పక్కన కూర్చుని, నలిగిన ఆయన కాలరు సరిచేయసాగింది.